యువ వికాస పరిశోధనకు సీడ్ గ్రాంట్: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: సీడ్ గ్రాంట్‌కూ మామూలు పరిశోధన గ్రాంటుకూ తేడా ఏమిటి? (ప్రేమ్ బజార్, ఖరగ్‌పూర్)

జవాబు: పెద్ద పరిశోధన మొదలుపెట్టే ముందు దారి సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి ఇచ్చే చిన్న మొత్తం సీడ్ గ్రాంట్. పని సాధారణంగా ఏడాదిలో, మహా అయితే రెండేళ్లలో ముగియాలి. ఎంచుకున్న పద్ధతి ఆ ఊళ్లో నడుస్తుందా, ప్రశ్నలు పిల్లలకు అర్థమవుతున్నాయా, అడిగినవారిలో ఎందరు ఒప్పుకుంటున్నారు, ఎందరు మధ్యలో మానేస్తున్నారు అన్నవి ఈ డబ్బుతో తేలాలి. ఏడాది పనికి పదేళ్ల ఆశలు రాసిన దరఖాస్తు మొదటి వడపోతలోనే పోతుంది. చిన్న ప్రశ్నను పూర్తిగా తేల్చగలమని చూపించిన దరఖాస్తుకే విలువ.

ప్రశ్న: ఖరగ్‌పూర్ తెలుగు కుటుంబాల పిల్లల మీద అధ్యయనం చేయాలంటే ఎలాంటి ప్రశ్న ఎంచుకోవాలి? (ప్రేమ్ బజార్)

జవాబు: చదువు మానడం, మత్తు, నేరం, బాల్యవివాహం అంటూ యౌవనాన్ని సమస్యల మూటగా చూసే పరిశోధన చాలాకాలం సాగింది. పిల్లల్లో ఉన్న బలాలేమిటి, ఇల్లూ బడీ వాడా వారికి ఇచ్చే ఆసరా ఏమిటి అని అడగడం సానుకూల యువ వికాస దృష్టి. అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ లెర్నర్ బృందం 2002లో మొదలుపెట్టిన 4-హెచ్ అనే యువ వికాస అధ్యయనం సామర్థ్యం, ఆత్మవిశ్వాసం, అనుబంధం, శీలం, సానుభూతి అనే ఐదింటిని కొలిచింది. ఈ ఐదూ బలపడితే ఆరోది, అంటే సమాజానికి తోడ్పడే గుణం, వస్తుందని ఆ బృందం వాదన. అమెరికా పిల్లల కోసం తయారైన ఈ కొలత ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్ల పిల్లలకు ఎంతవరకు సరిపోతుందో చూడటమే ఒక మంచి సీడ్ గ్రాంట్ ప్రశ్న.

ఖరగ్‌పూర్‌లో ఇంతకన్నా పదునైన ప్రశ్న కూడా ఉంది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి ఉత్తరాంధ్ర నుంచి వచ్చి వర్క్‌షాపులోనూ లైన్ మీదా పనిచేసిన కుటుంబాలు ఇక్కడ తరతరాలుగా ఉన్నాయి. తండ్రి తర్వాత కొడుకూ రైల్వేలోకే వెళ్తాడన్న నమ్మకం ఆ ఇళ్లలో బలంగా ఉండేది. రైళ్ల భద్రతకు సంబంధించిన పనుల్లోని సిబ్బంది ముందుగా పదవీ విరమణ చేస్తే వారి పిల్లలకు ఉద్యోగమిచ్చే లార్స్‌గెస్ పథకాన్ని రైల్వే 2018లో రద్దు చేసింది. ఇప్పుడు దేశమంతా రాసే నియామక పరీక్షే దారి. తాతల నాటి ఉద్యోగం మీద ఆశ సడలినప్పుడు పదహారు, పదిహేడేళ్ల పిల్లలు భవిష్యత్తును ఎలా ఊహించుకుంటున్నారు, ఆ ఊహకు ఎవరు అండగా నిలుస్తున్నారు? ఈ ఊరి పరిశోధకులే బాగా అడగగల ప్రశ్న ఇది.

పోలికకు ఆధారం కూడా సిద్ధంగా ఉంది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలోని యంగ్ లైవ్స్ అధ్యయనం 2002 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3,000 మంది పిల్లలను ఏళ్ల తరబడి అనుసరించింది. వారిలో 2001-02 ప్రాంతంలో పుట్టినవారు ఒక వర్గం, 1994-95 ప్రాంతంలో పుట్టినవారు మరొక వర్గం. ఎంచుకున్న జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. ఖరగ్‌పూర్‌కు వచ్చిన కుటుంబాల్లో చాలామంది మూలాలు ఆ జిల్లాలోనే ఉన్నాయి. యంగ్ లైవ్స్ సమాచారం పరిశోధకులకు బ్రిటన్ డేటా భాండాగారంలో దొరుకుతుంది. సొంత ఊళ్లో ఉండిపోయిన కుటుంబాల పిల్లలనూ, వలస వచ్చిన కుటుంబాల పిల్లలనూ కొన్ని అంశాల్లో పక్కపక్కన పెట్టి చూస్తామని రాస్తే, తక్కువ ఖర్చుతో ఎక్కువ తెలుస్తుందని పరిశీలకులు గ్రహిస్తారు. అయితే రెండుచోట్లా ఒకే ప్రశ్న, దాదాపు ఒకే వయసు ఉంటేనే ఆ పోలిక నిలుస్తుంది.

ప్రశ్న: దరఖాస్తు ఎవరు పెట్టవచ్చు? స్వచ్ఛంద సంఘానికి వీలవుతుందా? (ఖరగ్‌పూర్)

జవాబు: విడిగా ఒక వ్యక్తికి డబ్బు ఇచ్చే సంస్థలు అరుదు. లెక్కలకు పూచీపడే విద్యాసంస్థో, నమోదైన పరిశోధన సంస్థో వెనుక ఉండాలి. ఐఐటీ ఖరగ్‌పూర్ కొత్తగా చేరిన అధ్యాపకులకు తొలి నిధి ఇస్తుంది. 1969లో ఏర్పడిన భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి చిన్న ప్రాజెక్టులకు ప్రకటనలు వేస్తుంది. దాని తూర్పు ప్రాంతీయ కేంద్రం కోల్‌కతాలో ఉంది. పీహెచ్‌డీ విద్యార్థులు ఇలాంటి ప్రాజెక్టుకు సాధారణంగా ముఖ్య పరిశోధకులు కాలేరు. అదే మండలి ఇచ్చే డాక్టోరల్ ఫెలోషిప్ వారికి తగిన దారి.

వాడలోని సంఘం ఒంటరిగా దరఖాస్తు పెట్టడం కన్నా మేదినీపూర్‌లోని విద్యాసాగర్ విశ్వవిద్యాలయం అధ్యాపకులతోనో, ఐఐటీ హ్యుమానిటీస్ విభాగంతోనో కలిసి పెట్టడం మేలు. పిల్లలతో పరిచయం సంఘానిది, పద్ధతి విశ్వవిద్యాలయానిది. ఎవరి పని ఏమిటో, సమాచారం ఎవరి దగ్గర ఉంటుందో, ఫలితాల మీద ఎవరి పేర్లు ఉంటాయో ముందే కాగితం మీద రాసుకోవాలి. విదేశీ ఫౌండేషన్ డబ్బు తీసుకోవాలంటే 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ తప్పనిసరి. 2020 సవరణ తర్వాత అలా అందుకున్న డబ్బును మరో సంస్థకు బదిలీ చేయడం కుదరదు.

ప్రశ్న: పద్దెనిమిదేళ్ల లోపు వారిని ప్రశ్నించడానికి ఎవరి అనుమతి కావాలి? (ప్రేమ్ బజార్)

జవాబు: దరఖాస్తులు ఎక్కువగా తడబడే చోటు ఇదే. జాగ్రత్తగా రాయవలసినదీ ఇదే. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం తల్లిదండ్రుల సమ్మతితో పాటు ఏడు నుంచి పన్నెండేళ్ల పిల్లల మౌఖిక అంగీకారం, ఆపై వయసువారి రాతపూర్వక అంగీకారం తీసుకోవాలి. పిల్లలు వద్దంటే తల్లిదండ్రుల సంతకం ఉన్నా ముందుకు పోకూడదు. సంస్థ నైతిక సమితి ఆమోదం వచ్చాకే పని మొదలుపెట్టాలి. ప్రభుత్వ బడుల్లో పిల్లలను కలవాలంటే జిల్లా విద్యా యంత్రాంగం అనుమతి, రైల్వే బడుల్లో అయితే రైల్వే అధికారుల అనుమతి అవసరం. వీటికి పట్టే నెలలను కాలపట్టికలో చూపించాలి.

ఇంకొక మాట దరఖాస్తులో స్పష్టంగా ఉండాలి. చెప్పినదేదీ బయటికి పోదని పిల్లలకు మాట ఇవ్వకూడదు. లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే పోలీసులకు తెలియజేయడం 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం బాధ్యత. అందుకే గోప్యతకు ఉన్న హద్దును పిల్లలకు అర్థమయ్యే మాటల్లో మొదటే చెప్పాలి. బాలల సహాయ సంఖ్య 1098, దగ్గరలోని కౌన్సెలర్ వివరాలు బృందం చేతిలో ఉండాలి. ఈ ఏర్పాటు లేని దరఖాస్తుకు, ప్రశ్న ఎంత మంచిదైనా, డబ్బు ఇవ్వకపోవడమే న్యాయం.

ప్రశ్న: ప్రశ్నావళి ఏ భాషలో ఉండాలి? (ఖరగ్‌పూర్)

జవాబు: పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించినా, ఇక్కడి పిల్లల్లో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో హిందీ, బెంగాలీ లేదా ఇంగ్లీషు చదువుతున్నారు. మాట వచ్చినా తెలుగు లిపి చదవలేని పిల్లలకు అచ్చు కాగితం ఇస్తే జవాబులు నమ్మదగ్గవి కావు. చదివి వినిపించడం, పిల్లలు కోరిన భాషలో అడగడం, భాషను బట్టి జవాబు మారుతోందా అని గమనించడం మంచిది. పెద్ద సర్వేకు ముందు పదీ పదిహేను మందితో కూర్చుని ఒక్కొక్క ప్రశ్ననూ ఎలా అర్థం చేసుకున్నారో వాళ్ల మాటల్లో చెప్పించాలి. ఏడాది నిధికి ఇదొక్కటే తగినంత పని.

ప్రశ్న: బడ్జెట్‌లో ఏమేమి చూపాలి? (ప్రేమ్ బజార్)

జవాబు: క్షేత్ర సహాయకుల వేతనం, రవాణా, అనువాదం, ముద్రణ, సమాచారం భద్రపరిచే ఖర్చు, సంస్థ నిర్వహణ వాటా. పిల్లలకు దారిఖర్చులు, టిఫిన్ ఇవ్వవచ్చు. డబ్బు కోసమే ఒప్పుకునేంత మొత్తం ఇవ్వకూడదు. ప్రభుత్వ నిధికి వినియోగ ధ్రువపత్రం ఇవ్వాలి కాబట్టి రసీదులు మొదటి రోజు నుంచే దాచాలి.

ప్రశ్న: తిరస్కరిస్తే? (ఖరగ్‌పూర్)

జవాబు: పరిశీలకుల వ్యాఖ్యలు ఇవ్వమని అడగాలి. ప్రశ్న పెద్దదైందంటే కుదించాలి, పద్ధతి బలహీనమంటే ఆ రంగం తెలిసిన సహ పరిశోధకులను చేర్చుకోవాలి. సవరించిన దరఖాస్తును అదే సంస్థకు తర్వాతి ప్రకటనలో గానీ, వేరే సంస్థకు గానీ పంపవచ్చు. ఒకే పనికి రెండు చోట్ల డబ్బు తీసుకోవడం మాత్రం నిబంధనలకు విరుద్ధం.