ఆత్మవిచారణ – ముహాసబా

కీసర పరిసరాలలో పత్తి, మిరప పండించే రైతు పంట అమ్ముకొన్న పిదప పెట్టుబడి ఎంత, రాబడి ఎంత, తీరని అప్పు ఎంత అని లెక్క చూచుకొంటాడు. అప్పును దాచి రాబడిని మాత్రమే వ్రాసుకొన్న లెక్క మరుసటి ఏటికి అక్కరకు రాదు. ఉర్దూలో లెక్కను ‘హిసాబ్’ అంటారు. ఆ ధాతువు నుండి పుట్టినదే ‘ముహాసబా’ అనే పదం. మనిషి తన జీవితాన్ని తానే లెక్క చూచుకోవడమని దాని భావం. తెలుగులో ఆత్మవిచారణ అంటున్నాము.

ఈ విచారణలో మనం సాధారణంగా చేసిన తప్పులనే వెదకుతాము. సాధించిన విజయాల జోలికి పోము. ఇమాం గజాలీ (1058–1111) తమ విజయాన్నే పరీక్షకు పెట్టారు. బాగ్దాదులోని నిజామియా విద్యాలయంలో ఆచార్యులుగా వారు మహోన్నత స్థితిలో ఉన్నారు. అయినా, తమ బోధనకు ప్రేరణ దైవప్రీతి కాదనీ, కీర్తికాంక్ష అనీ గ్రహించినట్లు ‘అల్ మున్‌ఖిజ్ మినజ్ జలాల్’ అనే గ్రంథంలో వ్రాసుకొన్నారు. పదవిని వీడలేక, అందులో ఇమడలేక దాదాపు ఆరు నెలలు నలిగిపోయారు. చివరకు పాఠం చెప్పడానికి నోరు పెగలలేదు. 1095లో బాగ్దాదు విడిచారు. సిరియా వెళ్ళదలచి, మక్కా వెళుతున్నానని పైకి చెప్పిన సంగతిని కూడా వారు దాచలేదు. 1106లో నిషాపూరులో మరల బోధన చేపట్టారు. కనుక లోపం వృత్తిలో లేదు, సంకల్పంలో ఉన్నదని మేము గ్రహించాలి.

మన ప్రాంతంలో టంగుటూరి ప్రకాశం పంతులుగారు 1953లో ఆంధ్ర రాష్ట్ర ప్రథమ ముఖ్యమంత్రి అయినారు. అంతటి పదవి పొందిన వారికి బాల్యాన్ని కడిగి చూపించడం కష్టం కాదు. ఆయన ‘నా జీవిత యాత్ర’లో చిన్ననాటి అల్లరిని, చెడు సావాసాలను మరుగుపరచలేదు. ఒంగోలులో తల్లి పూటకూళ్ళ ఇల్లు నడిపి తమను పోషించిన సంగతినీ చెప్పుకొన్నారు.

అయితే తప్పు చెప్పుకోవడంతో లెక్క తీరిపోదు. పశ్చాత్తాపానికి, అనగా ‘తౌబా’కు, ఇస్లాం ధర్మవేత్తలు కొన్ని నిబంధనలు చెప్పారు. తప్పును మానుకోవాలి, దానికి చింతించాలి, మరల చేయరాదని నిశ్చయించుకోవాలి. తోటివారి హక్కుకు భంగం కలిగించి ఉంటే దానిని వారికి తిరిగి చెల్లించాలి. ఈ చివరి నిబంధనే కఠినమైనది. నలుగురిలో తప్పు ఒప్పుకొంటే నిజాయితీపరుడనే పేరైనా వస్తుంది. బాకీ చెల్లిస్తే చేతిలోనిది పోతుంది.

రేపు ఉపాధ్యాయులుగా, ఉద్యోగులుగా, వ్యాపారులుగా స్థిరపడబోయే విద్యార్థులం మేము. ఎంత సాధించామన్న ప్రశ్నను లోకం మమ్ము అడుగుతూనే ఉంటుంది. ఎందుకు సాధించదలచామో, ఆ దారిలో ఎవరికి బాకీపడ్డామో మమ్ము మేమే అడుగుకోవాలి.