ఇంత చదివించింది సర్వేలకా?

మొన్న ఓ తండ్రి కూతుర్ని వెంటబెట్టుకుని నా దగ్గరికి వచ్చారు. ‘‘నీట్ రెండుసార్లు రాసింది. ఇంకో ఏడాది లాంగ్‌టర్మ్‌లో వేస్తామంటే వద్దంటోంది. నర్సింగ్ చేసి, ఆరోగ్య సర్వేల్లోకి వెళ్తుందట. ఇంత చదివించింది సర్వేలు చేయడానికా మేడం?’’ ఆ అమ్మాయి తలెత్తలేదు.

నాకు కోపమొచ్చింది. పంతొమ్మిదేళ్ల పిల్లకు తనకేం కావాలో తెలిస్తే వినడానికి మనకెందుకంత కష్టం? పైగా ఆ సర్వేల్లో డాక్టర్లను, నర్సులను ఆన్‌లైన్‌లో అడిగి వాళ్ల పని ఒత్తిడి, మందుల కొరత తెలుసుకోవడం చిన్న పనేం కాదు.

‘మీ పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం)లో మందులు, సిబ్బంది కొరత ఉందా?’ అని అడిగామనుకోండి. అక్కడ మందులున్నాయి, మనుషులు లేరు. స్టాఫ్ నర్సు ఏం నొక్కాలి? అవి రెండు ప్రశ్నలని వార్డులో పనిచేసినవాళ్లు ఇట్టే పట్టుకుంటారు. నైట్ డ్యూటీలో ఫోన్ తెరిచిన మనిషి ముందు అరవై ప్రశ్నలు పెడితే సగంలోనే మూసేస్తుంది. పేరు అడక్కపోతే గోప్యత ఉన్నట్టేనా? పీహెచ్‌సీ పేరు, హోదా అడిగితే చాలు, అక్కడున్న ఒక్క డాక్టర్ ఎవరో తెలిసిపోతుంది. ఎథిక్స్ కమిటీ ఇలాంటివి కూడా చూస్తుంది.

లింకు వాట్సాప్ గ్రూపుల్లో తిప్పి, వెయ్యి జవాబులొచ్చాయని సంబరపడేవాళ్లున్నారు. ఆ లింకు ఎంతమందికి చేరిందో తెలియనిదే ఎంత శాతం స్పందించారో చెప్పలేం. జవాబులు ఎక్కువైనంత మాత్రాన ఫలితం సరైనదనీ కాదు. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో లిటరరీ డైజెస్ట్ పత్రిక 20 లక్షలకు పైగా జవాబులు సేకరించి, లాండన్ గెలుస్తారంది. గెలిచింది రూజ్‌వెల్ట్. ఆన్‌లైన్ సర్వే చేసినవాళ్లు ఏయే లెక్కలు బయటపెట్టాలో 2004లో వచ్చిన ‘చెర్రీస్’ చెక్‌లిస్ట్ చెబుతుంది.

‘హెల్త్ డేటా, ప్లేస్‌మెంట్ గ్యారంటీ’ అన్న కోచింగ్ సెంటర్ బోర్డు చూసి మాత్రం అప్పు చేయకండి. ఫారం తయారుచేసే సాఫ్ట్‌వేర్ కొద్దిరోజుల్లో చేతికొస్తుంది. గణాంకాలకు వాడే ‘ఆర్’ ఉచితం. ఐసీఎంఆర్ వాళ్ల చెన్నై ఎపిడెమియాలజీ సంస్థ ఎన్‌పీటీఈఎల్ ఆన్‌లైన్ వేదికలో పెట్టిన పరిశోధన పాఠాలు వినడానికి పైసా కట్టక్కర్లేదు. కోచింగ్ వాళ్లు అమ్మేది చాలావరకు ఇదే.

డిగ్రీ తర్వాత ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) చేయొచ్చు. అర్హతలు సంస్థను బట్టి ఉంటాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో, త్రివేండ్రం శ్రీచిత్ర సంస్థలో ఈ కోర్సు ఉంది. నన్నడిగితే ముందు రెండేళ్లు ఆసుపత్రిలో పనిచేయడమే మేలు. విదేశీ ఎంపీహెచ్ కోసం ఇల్లు తాకట్టు పెడతామంటే మాత్రం నేను ఒప్పుకోను. పరిశోధన ప్రాజెక్టుల్లో ఉద్యోగాలు ఎక్కువగా కాంట్రాక్టువే. ఆ జీతంతో అంత అప్పు తీరడం కష్టం.

లాంగ్‌టర్మ్ ఫీజు కట్టేముందు ఒక్క వారం ఆగమన్నాను ఆ తండ్రితో. అమ్మాయిని ఐదు ప్రశ్నలు రాసి, తెలిసిన నర్సులు ఐదుగురి ముందు పెట్టమన్నాను. ఏ ప్రశ్న దగ్గర ఆగి ‘అంటే?’ అని అడిగారో రాసుకుని రమ్మన్నాను.