ముల్లు దిగిన వేళ
పాత డీసెలు బండిలో ఇంజను వేడిని కనిపెట్టుట

వైద్యుడు రోగి నాడిని చూచునట్లు బండి నడుపువాడు ఇంజను వేడిని చూచుచుండవలెను. అయితే చూచుట వేరు, చూచినదాని యర్థము తెలిసికొనుట వేరు. ఈ భేదమును మేము కొంత నష్టపడి నేర్చుకొంటిమి. విద్యార్థులకును, ఇంట పాత బండ్లుగల పెద్దలకును ఉపయోగపడునను తలంపుతో ఆ సంగతి నిచట వ్రాయుచున్నాము.

ఒక వేసవిలో మేము కొందఱు విద్యార్థులతో ఒక పాత డీసెలు వ్యానులో విశాఖపట్టణమునుండి అరకు లోయకు బయలుదేరితిమి. అనంతగిరి ఘాటు రోడ్డు ఎక్కుచుండగా వేడిని చూపు ముల్లు నడిమి గీతను దాటి పైకి పోయెను. కొంతసేపటికి అది హఠాత్తుగా క్రిందికి దిగెను. డ్రైవరు "అమ్మయ్య, చల్లబడినది" అనెను. ముందు కూర్చున్న తొమ్మిదవ తరగతి బాలుడు "ఎక్కుడు ఇంకను ఉన్నది గదా అన్నా, ఇంజను ఎట్లు చల్లబడును?" అని యడిగెను. మే మా ప్రశ్నను లెక్కచేయలేదు. మఱి రెండు కిలోమీటర్లు పోవునప్పటికి ఇంజను బలము చాలించి ఆగిపోయెను. రేడియేటరు క్రింది రబ్బరు గొట్టము పగిలి నీరంతయు అదివఱకే కారిపోయి యుండెను. ఆ బాలుని ప్రశ్నకు సమాధానమే యీ వ్యాసము.

మొదట వేడి ఎక్కడినుండి వచ్చునో చూతము. రుడాల్ఫు డీసెలు అను ఇంజనీరు జర్మనీలోని ఆగ్స్‌బర్గు పట్టణమున 1897లో ఈ జాతి యింజనును జయప్రదముగా నడిపించెను. దీనిలో నూనెను ముట్టించుటకు విద్యుత్తు నిప్పురవ్వ లేదు. పిస్టను గాలిని సుమారు ఇరువదవ వంతునకు అణచగా, ఆ గాలి 500 డిగ్రీలకు మించి వేడెక్కును. అందులో చిమ్మబడిన నూనె తనంతట అంటుకొనును. ఆ నూనె యిచ్చు వేడిలో ఇంచుమించు మూడవ వంతు మాత్రమే బండిని నడుపును. మఱియొక వంతు పొగగొట్టమున పోవును. తక్కినదానిలో చాలభాగమును నీరు మోసికొనిపోవలెను.

ఇంజనుతో తిరుగు పంపు ఆ నీటిని సిలిండర్ల చుట్టును, రేడియేటరులోనికిని త్రిప్పుచుండును. థెర్మోస్టాటు అను చిన్న తలుపు నీరు 80 డిగ్రీలు దాటువఱకు మూసికొనియుండి, పిమ్మట తెఱచుకొనును. సముద్రతీరమున నీరు 100 డిగ్రీలకు కాగును. ప్రతి 300 మీటర్ల ఎత్తునకును ఇంచుమించు ఒక డిగ్రీ తగ్గును. కావున సుమారు 900 మీటర్ల యెత్తుననున్న అరకులో 97 డిగ్రీలకే నీరు మరగును. దీనికి ప్రతిగా రేడియేటరు మూతలోని స్ప్రింగు నీటిపై ఒత్తిడి నిలుపును. చదరపు సెంటీమీటరునకు ఒక కిలోగ్రాము ఒత్తిడి నిలిచినచో నీరు సుమారు 120 డిగ్రీల వఱకు మరగదు. మూతలోని రబ్బరు చెడినచో ఈ రక్షణ పోవును.

ఇక ముల్లు సంగతి. పూర్వపు బండ్లలో త్వరగా ఆవిరియగు ద్రవముగల యొక బుడిపె నీటిలో మునిగియుండును. దాని ఒత్తిడి సన్నని గొట్టము గుండ వచ్చి ముల్లును త్రిప్పును. తరువాతి బండ్లలో విద్యుత్తు బుడిపె గలదు. వేడి పెరిగినకొలది దాని నిరోధము తగ్గి, ముల్లు పైకి పోవును. ఈ రెంటిలో ఏదియు ఇనుము వేడిని చూపదు. బుడిపెకు తగులుచున్న దాని వేడిని మాత్రమే చూపును. నీరు పోయి బుడిపె గాలిలో మిగిలినచో, ఇనుము మండుచున్నను ముల్లు దిగిపోవచ్చును. విద్యుత్తు తీగ తెగినను ముల్లు చల్లని గీత వద్దనే పడియుండును. కనుక దిగిన ముల్లునకు మూడు కారణములు గలవు: ఇంజను నిజముగ చల్లబడుట, తీగ తెగుట, నీరు పోవుట. ఎక్కుడు తగ్గకయే ముల్లు హఠాత్తుగా దిగినచో మొదటి కారణమును నమ్మరాదు.

నమ్మినందున కలుగు నష్టము స్వల్పము కాదు. కొన్ని యింజన్లలో క్రింది భాగము పోత ఇనుము, పైనున్న హెడ్డు అల్యూమినియము. వేడికి అల్యూమినియము ఇనుముకంటె ఇంచుమించు రెండింతలు వ్యాకోచించును. అందుచే హెడ్డు వంగి, నడుమనున్న గాస్కెట్టు కాలిపోవును. మా వ్యానునకు ఇదియే జరిగెను. అది నెల దినములు వర్క్‌షాపులో నుండెను.

కావున ఈ నియమములు పాటింపవలెను. ప్రతి ఉదయము ఇంజను చల్లగా నున్నప్పుడే నీటి మట్టమును, రబ్బరు గొట్టములను, ఫ్యాను బెల్టును చూడవలెను. చదును రోడ్డు మీద ముల్లు ఎచట నిలుచునో, ఎక్కుడులో ఎంత పెరుగునో గుర్తుంచుకొనవలెను. ఎక్కుడులో ఇంజను మూలుగకముందే క్రింది గేరు వేయవలెను. అప్పుడు పంపును ఫ్యానును వేగముగ తిరుగును. ముల్లు పెరిగినచో బండి నాపి, నీరు ఉన్నంతవఱకు ఇంజనును మెల్లగా తిరుగనీయవలెను. నీరు పోయినదని తోచినను, ముల్లు హఠాత్తుగా దిగినను, ఇంజనును వెంటనే ఆపవలెను. వేడిగా నున్నప్పుడు రేడియేటరు మూత తీయరాదు. ఒత్తిడి పోగానే నీరు ఆవిరియై ఎగసి ముఖమును కాల్చును. కాలిన యింజనుపై చన్నీరు పోయరాదు, ఇనుము చిట్లవచ్చును.

యంత్రము చూపినదానిని చూచుట కన్ను పని. అది దేనిని చూపుచున్నదని యడుగుట బుద్ధి పని. ఆ పని ఆనాడు మాలో ఒక్క బాలుడు మాత్రమే చేసెను. వానికి మేమందఱమును ఆ ఘాటు రోడ్డు మీదనే క్షమాపణ చెప్పుకొంటిమి. ఇప్పుడు మా వ్యానులో ముందు కూర్చున్న వారెవరైనను ముల్లును గూర్చి యడుగవచ్చును. డ్రైవరు బండి నాపి, నీరు చూచిన తరువాతనే సమాధానము చెప్పును.