రెండు గిటార్లు, ఒక పెళ్లి సీజన్

దసరా వెళ్లిన వారానికి సిరిసిల్ల నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. పగలు సాంచాల (మరమగ్గాల) మీద పని, రాత్రిళ్లు ఆర్కెస్ట్రాలో గిటారు. "అన్నా, రెండు గిటార్లు చూసిన. చూపుకు రెండూ ఒక్కతీరుగనే ఉన్నయి. ఒకదానికి ఆరువేలు ఎక్కువ చెప్తున్నరు. ఎందుకు ఎక్కువనో షాపాయినకే తెల్వదు. ఏది తీసుకోవాలె?"

"దాంతోటి ఏం పని చేస్తవు తమ్మీ?" అన్నాను. వెంటనే జవాబు రాలేదు. గిటారు కొనబోయేవాణ్ని ఆ మాట ఎవరూ అడగరు. ఎంతలో కావాలి, ఏ రంగు కావాలి అంటారు, అంతే.

మా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు ఎలక్ట్రిక్ గిటారుతో నాలుగు పైసలు సంపాదించాలంటే దారులు మూడే. పెళ్లిళ్లకు, సంగీత్‌లకు వెళ్లే ఆర్కెస్ట్రా ఒకటి. చర్చి రెండోది, అక్కడ పైసలు తక్కువ, వాయించే గంటలు ఎక్కువ, డిసెంబర్ వస్తే ఊరూరా మీటింగులే. యూట్యూబ్ జానపద పాటలకు ట్రాకులు కట్టే చిన్న స్టూడియోలు మూడోది. ఈ మూడింట్లో ఎక్కడా గిటారు వెనక పెద్ద యాంప్లిఫయర్ ఉండదు. గిటారు కేబుల్ నేల మీదున్న ప్రాసెసర్‌లోకి, అక్కడి నుంచి సౌండ్ వాళ్ల మిక్సర్‌లోకి పోతుంది. షాపులో మాత్రం రెండు గిటార్లనూ మన నడుమెత్తు యాంప్‌కు తగిలించి వినిపిస్తారు. దానికి ఏది తగిలించినా గొప్పగానే మోగుతుంది. అందుకే మీ ప్రాసెసర్, మీ హెడ్‌ఫోన్ సంచిలో వేసుకొని పోండి. కొత్త సంబంధం చూడబోతున్నట్టు సిగ్గుపడొద్దు.

ఇక పోలిక సంగతి. ఒకే ఇంటిపేరుతో తిరిగే మోడళ్లే ఎక్కువ తికమక పెడతాయి. స్క్వయర్ వాళ్ల పాత బుల్లెట్ స్థానంలో 2023లో సోనిక్ వచ్చింది, దానికి ఒక మెట్టు పైన అఫినిటీ ఉంది. రెంటికీ ఒంటి చెక్క పాప్లరే, ఫ్రెట్లు 21. తేడా ఎక్కడంటే, సోనిక్ ట్రెమొలో బ్రిడ్జ్ పాత పద్ధతిలో ఆరు మరల మీద నిలుస్తుంది, ఇప్పటి అఫినిటీది రెండు స్తంభాల మీద ఊగుతుంది. అఫినిటీ ట్యూనింగ్ కీలకు నడిమిట్ల చీలిక ఉంటుంది, తీగ కొసను అందులో దోపి చుట్టేస్తే చాలు, తీగ మార్చడం తొందరగా అయిపోతుంది. యమహా పసిఫికా చూడండి. 012, 112జే, 112వీ మూడింటినీ పక్కపక్కన నిలబెడితే కవల పిల్లల్లా ఉంటాయి. 012కి అగాథిస్ చెక్క, 112లకు ఆల్డర్. 112వీకి మేలైన ఆల్నికో పికప్పులు, పైగా టోన్ నాబ్‌ను పైకి లాగితే వెనకాల ఉన్న రెండు చుట్ల పికప్పు ఒక చుట్టే పనిచేసేలా మారిపోతుంది. ఒకే గిటారుతో మెలోడీ, రాక్ రెండూ వాయించాల్సిన ఆర్కెస్ట్రావాడికి ఈ నాబ్ అక్కరకొస్తుంది. చెక్క పేరు చూసి మాత్రం నేనైతే వెయ్యి రూపాయలు కూడా ఎక్కువ పెట్టను. ప్రాసెసర్‌లో డిస్టార్షన్ వేసి, పక్కన ప్యాడ్స్ మోగుతుంటే అగాథిస్సో ఆల్డరో చెప్పగలిగిన మనిషి నాకింకా తగల్లేదు.

ఇంకో ముచ్చట. ఇండోనేషియాలోని సురబయలో కోర్ట్ కంపెనీకి పెద్ద ఫ్యాక్టరీ ఉంది. సొంత పేరుతో చేసేవి కాక ఇంకా కొన్ని పెద్ద బ్రాండ్ల గిటార్లు కూడా అక్కడే తయారవుతాయి. ఇది సిరిసిల్ల వాళ్లకు విడమరచి చెప్పాల్సిన పని లేదు. తాము నేసిన గ్రే క్లాత్ ఎక్కడో రంగు పడి, ఎవరిదో లేబుల్‌తో దుకాణంలో కనబడటం వాళ్లు చూసిందే. అట్లని పేరు ఉత్తదే అనడం లేదు. ఏ బ్రాండ్ ఎంత గట్టిగా చెకింగ్ చేయిస్తుందో దాన్ని బట్టి సరుకు మారుతుంది. పేరుకు ఇచ్చే పైసలు పనితనానికి ఇచ్చినట్టే అనుకోవద్దు, అంతే.

రెండు మోడళ్ల నడుమ తేడాలన్నీ కాగితం మీద రాసుకొని, ఒక్కోదాని పక్కన "తర్వాత మార్చుకోవచ్చు", "మార్చలేము" అని రాయండి. పికప్పులు, ట్యూనింగ్ కీలు, నట్, స్విచ్చు, జాక్, ఇవన్నీ పైసలు చేతికొచ్చినప్పుడు ఒక్కోటి మార్చుకునేవే. మార్చలేనివి వేరు. నెక్ మందం, బోర్డు వంపు, తీగ నిడివి, మొత్తం బరువు, బ్రిడ్జ్ రకం ఆ లెక్కలోకి వస్తాయి. ఆ ఆరువేలు ఈ రెండో వరుసకు పోతుంటే పెట్టండి, మొదటి వరుసకైతే ఆగండి.

బోర్డు వంపు అంటే, స్క్వయర్ స్ట్రాట్‌లలో 9.5 అంగుళాల గుండ్రం, పసిఫికాలో 13.75. మొదటిది కొంచెం గుండ్రంగా ఉండి బార్ కార్డుకు చూపుడువేలు సులువుగా ఒదుగుతుంది. రెండోది చదునుగా ఉండి, తీగను సాగదీసి వాయించేటప్పుడు స్వరం చచ్చిపోదు. రాత్రంతా కార్డులు కొట్టేవాడికీ, మధ్యలో లీడ్ బిట్లు వాయించేవాడికీ ఒకే నెక్ సరిపోవాలని లేదు. తీగ నిడివి ఫెండర్ రకాల్లో 648 మిల్లీమీటర్లు, గిబ్సన్ లెస్ పాల్ రకాల్లో సుమారు 628. రెండు సెంటీమీటర్లే తేడా, కానీ అదే మందం తీగ లెస్ పాల్ మీద మెత్తగా ఉంటుంది. గాయకుడు "ఈ రోజు గొంతు బాగలేదు, అర శ్రుతి దించు" అన్నాడనుకోండి, ఆ మెత్తని తీగలు మరీ వదులై గలగలమంటాయి. ఒకటిన్నర శ్రుతి నుంచి ఐదున్నర దాకా ఎవరు పాడితే వాళ్ల వెనక పోవాల్సిన మనకు ఇది చిన్న విషయం కాదు.

బ్రిడ్జ్ గురించి మాత్రం నా దెబ్బ నేను చెప్పాలి. కోరుట్ల దగ్గర ఒక సంగీత్‌లో, పెళ్లికూతురు స్టేజి ఎక్కే పాటలో నా మూడో తీగ తెగింది. నాది గాలిలో తేలే బ్రిడ్జ్, అంటే తీగల బిగువు ఒకవైపు, వెనక స్ప్రింగులు ఒకవైపు లాగుతుంటే నడుమ త్రాసులా నిలబడేది. ఒక తీగ పోగానే త్రాసు ఒరిగింది. మిగతా అయిదు తీగలూ ఒక్కసారే శ్రుతి తప్పాయి. కీబోర్డు అన్న నావైపు చూసి, తలాడించి, నా బిట్ కూడా తానే వాయించాడు. నేను పాట అయ్యేదాకా గిటారు మెడకేసుకొని బొమ్మలా నిలబడ్డాను. వీడియోలో మాత్రం బాగానే పడ్డాను. స్థిరమైన బ్రిడ్జ్ అయి ఉంటే మిగతా అయిదు తీగలతో పాట నెట్టుకొచ్చేవాణ్ని.

అందుకని చేతిలో ఒకే గిటారు ఉన్నవాడు తేలే ట్రెమొలో, అందునా నట్ దగ్గర తాళం పడే ఫ్లాయిడ్ రోజ్ రకం తీసుకోవద్దని నా మాట. అది చెడ్డదని కాదు, స్టాండ్ మీద రెండో గిటారు సిద్ధంగా ఉన్నవాడిది అది. టెలీకాస్టర్ తరహావి 1950 నుంచీ స్థిర బ్రిడ్జ్‌తోనే వస్తున్నాయి. స్ట్రాట్ ఆకారమే కావాలంటే పేరు చివర హెచ్‌టీ అని ఉన్నవి అడగండి. ట్రెమొలో ఉన్నదే నచ్చిందా, వెనక మూత తీసి స్ప్రింగులు బిగించి బ్రిడ్జ్‌ను ఒంటికి ఆనించేయొచ్చు, సెటప్ చేసేవాడికి పది నిమిషాల పని.

ఫంక్షన్ హాల్లో మనకు రెండో శత్రువు రొద. సీరియల్ లైట్లు, ఎల్‌ఈడీ తెర, బయట జనరేటర్ అన్నీ ఒకే లైను మీద ఉంటాయి. ఒకే చుట్టున్న పికప్పు మన కరెంటులోని 50 సైకిళ్ల గుయ్యిమనే చప్పుడును పట్టుకొని మిక్సర్ దాకా మోసుకుపోతుంది. దీన్ని ఆపడానికే 1955లో గిబ్సన్‌లో సెత్ లవర్ అనే ఇంజినీరు రెండు చుట్లను ఎదురెదురుగా కలిపి హంబకర్ చేశాడు. బ్రిడ్జ్ దగ్గర ఒక హంబకర్, మిగతావి రెండు సింగిల్ కాయిల్స్ ఉన్న హెచ్‌ఎస్‌ఎస్ అమరిక మన పనికి సరిగ్గా సరిపోతుంది. షాపులో గెయిన్ పెంచి, వాయించకుండా, స్విచ్చు అయిదు స్థానాల్లోనూ తిప్పి వినండి. చాలా గిటార్లలో రెండో, నాలుగో స్థానాల్లో గుయ్ తగ్గుతుంది. ఒక గిటారులో తగ్గి ఇంకోదాంట్లో తగ్గకపోతే, ధర తేడాకు అదీ ఒక కారణమే.

పనిలో పని, ఇదొకటి చెప్పకుండా పోలేను. గిటారు తీగలు ఎర్త్‌కు కలిసి ఉంటాయి. మీ ప్రాసెసర్ ఒక బోర్డు నుంచి, మిక్సర్ ఇంకో బోర్డు నుంచి కరెంటు తీసుకుంటూ, వాటిలో ఒకదానికి ఎర్త్ సరిగ్గా లేకపోతే, చేయి తీగల మీద ఉండగా పెదవి మైకుకు తగిలిన క్షణంలో షాక్ కొడుతుంది. జనరేటర్ మీద నడిచే ఫంక్షన్లలో ఇది మరీ ఎక్కువ. పాట మొదలుపెట్టే ముందు టెస్టర్ తీసి మైకు జాలీకి, గిటారు తీగకు ఆనించి చూడండి. బల్బు వెలిగితే సౌండ్ తమ్ముణ్ని పిలవండి, అంతవరకు పాట వద్దు.

ఆ సిరిసిల్ల తమ్ముడితో కలిసి హైదరాబాద్ పోయాను. రెండు గిటార్లూ దించారు. షాపులో వేలాడే గిటార్లకు తీగలు తుప్పు పట్టి ఉంటాయి. కొత్త తీగలున్నది మెరిసి మోగుతుంది, పాత తీగలది మూగబోతుంది, మనమేమో చెక్క తేడా అనుకుంటాం. రెంటికీ కొత్త 9 గేజ్ సెట్లు వేయించాం, ఆ పైసలు మేమే ఇచ్చాం. రెంటినీ ఒకే శ్రుతికి కలిపి, ప్రాసెసర్‌లో సౌండు సమానం చేశాం. కొంచెం గట్టిగా వినబడేది మంచిదనిపించడం చెవికున్న బలహీనత.

అప్పుడా పిల్లవాడు చేసిన పని నేనెక్కడా చూడలేదు. వాయించకముందు, బీము మీద పోగు చూసినట్టు ఒక్కో తీగనూ బొటనవేలి గోరుతో తాకుతూ పోయాడు. మొదటి ఫ్రెట్ దగ్గర, అయిదు దగ్గర, పన్నెండు దగ్గర. "అన్నా, ఇది నడుమ బిగువు సమంగ లేదు, ఈడ గట్టిగుంది" అన్నాడు. స్టీలు స్కేలు పెట్టి చూస్తే పన్నెండో ఫ్రెట్ దగ్గర లావు తీగ ఎత్తు దాదాపు మూడు మిల్లీమీటర్లు. రెండుకు అటూ ఇటూ ఉండాలి. మొదటి ఫ్రెట్, చివరి ఫ్రెట్ నొక్కిపట్టి ఏడో ఫ్రెట్ దగ్గర సందు చూశాం. విజిటింగ్ కార్డు దూరాల్సిన చోట రెండు దూరాయి. నెక్ వంగి ఉందన్నమాట. ట్రస్ రాడ్ తిప్పితే సరిగ్గానే వచ్చింది, కాబట్టి అది గిటారు తప్పు కాదు. ఎక్కువ ధర చెప్పిన గిటారే అది. అదే మోడల్‌ది ఇంకోటి దించమంటే దాని నెక్ చక్కగా ఉంది కానీ, వేళ్లు అంచు వెంట జార్చితే ఫ్రెట్ కొసలు గీరుకున్నాయి. ఎండకు చెక్క కుంచించుకుపోతే ఫ్రెట్ల కొసలు బయటికొస్తాయి. మేలో 45 డిగ్రీలు దాటే మన దగ్గర అది ఇంకా ఎక్కువవుతుంది. మోడల్ పేరు ఒకటే అయినా గిటారు గిటారుకూ తేడా ఉంటుంది. అందుకే ఆన్‌లైన్‌లో కొంటే వాపసు గడువు లోపలే ఈ పరీక్షలన్నీ చేసేయండి, డబ్బా చింపకుండా దాచిపెట్టండి.

కోరుట్లలో ఇంకో తోవ ఉంది. గల్ఫ్ నుంచి వచ్చిన బావ తెచ్చిన గిటారు, "పెద్దగ వాడలేదు" అంటూ అమ్మకానికొస్తుంది. వారంటీ ఇక్కడ చెల్లదనే అనుకొని ధర కట్టండి. ఏళ్ల తరబడి మంచం కింద పడి ఉన్నది కొనే ముందు ట్రస్ రాడ్ తిరుగుతుందో లేదో తిప్పి చూడకుండా పైసలు ఇవ్వొద్దు.

పైసల లెక్క రూపాయల్లో కాదు, ఫంక్షన్లలో వేసుకోవాలి. ఒక ఫంక్షన్‌కు మీ చేతికి ఎంతొస్తుంది, పెట్రోలు పోను ఎంత మిగులుతుంది, ఆ ఆరువేలు ఎన్ని రాత్రులకు సమానం? ఆషాఢం, మూఢం వస్తే ముహూర్తాలు ఉండవు, ఈఎంఐ మాత్రం ఆగదు. మాఘమాసానికి ముందు కొంటే మొదటి రెండు నెలల్లోనే సగం తీరుతుంది. ఉన్నదంతా గిటారుకే పోయకండి. ఇరవై వేలున్నాయంటే గిటారుకు పన్నెండు పదమూడు వేలే. సెకండ్‌హ్యాండ్ ప్రాసెసర్, మంచి కేబుళ్లు రెండు, వెడల్పు పట్టీ, నాలుగు సెట్ల తీగలు, సెటప్ కూలి మిగతా దాంట్లోనే రావాలి. బరువు కూడా మరవద్దు. పట్టీ మీద అరగంట నిలబడి వాయించి చూడండి. అర కిలో తేడా షాపులో తెలియదు, రాత్రి పన్నెండు తర్వాత భుజానికి తెలుస్తుంది.

తమ్ముడు చివరికి తక్కువ ధరదే తీసుకున్నాడు, స్థిర బ్రిడ్జ్‌ది. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకున్నాడు. జేబీఎస్‌లో సిరిసిల్ల బస్సు ఎక్కాక సంచి పైన ర్యాకులో పట్టలేదు. సామాను డిక్కీలో పడేద్దామన్నాడు కండక్టర్. వీడు వినలేదు. నెక్ పైకి ఉండేలా మోకాళ్ల మధ్య నిలబెట్టుకొని, మెడ వెనక చేయి పెట్టి, సిద్దిపేట దాటేదాకా అట్లాగే కూర్చున్నాడు.