పర్వస్నానమూ, సముద్రపు పోటూ

మన ఆలయానికి వచ్చే భక్తులలో మాదాపురం, కొండాపురం, గచ్చిబౌలి ప్రాంతాల ఉద్యోగులు పలువురున్నారు. కార్తిక, మాఘ పూర్ణిమలకు వారు రాత్రికి రాత్రి కారులో బయలుదేరి సూర్యలంకకో మంగినపూడికో చేరి, తెల్లవారుజామున సంకల్పం చెప్పుకొని సముద్రంలో దిగుతారు. వారిలో కొందరు నన్నడిగిన ప్రశ్న ఇది: “శాస్త్రిగారూ, పర్వదినాన సముద్రం పొంగుతుందంటారు. అది విశ్వాసమా, వాస్తవమా?”

వాస్తవమే. దాని మూలం పంచాంగంలోనే ఉన్నది.

తిథి అంటే ఏమిటి? సూర్యునికీ చంద్రునికీ నడుమ పన్నెండేసి భాగల ఎడం ఒక తిథి. అమావాస్య ముగిసే క్షణాన ఆ ఎడం సున్న. పూర్ణిమ ముగిసేనాటికి నూట ఎనభై. ఈ రెండు వేళలలోనూ భూమి, సూర్యుడు, చంద్రుడు దాదాపు ఒకే వరుసలో ఉంటారు. అప్పుడు ఇద్దరి ఆకర్షణలూ కలిసి పనిచేస్తాయి, పోటు పెద్దదవుతుంది. అష్టమి నడిమి భాగంలో ఎడం తొంభై భాగలు. ఒకరి లాగుడు ఒకవైపు, రెండవవారిది అడ్డంగా, పోటు చిన్నబోతుంది. సూర్యుడు ఎంత పెద్దవాడైనా చాలా దూరాన ఉన్నందున ఈ విషయంలో అతని బలం చంద్రుని బలంలో సగానికి కొంచెం తక్కువే.

రోజుకు పోటు రెండుసార్లు ఎందుకు వస్తుందని అడుగవచ్చు. చంద్రుడు తనవైపున్న నీటిని భూగర్భం కంటె గట్టిగాను, ఆవలివైపు నీటిని భూగర్భం కంటె మెత్తగాను లాగుతాడు. ఇటు నీరు ముందుకు వస్తే, అటు నీరు వెనుకబడిపోతుంది. రెండువైపులా ఉబ్బే. భూమి తిరుగుతూ ఆ రెంటి గుండా పోతుంది. ఈలోగా చంద్రుడూ కొంత ముందుకు జరుగుతాడు గనుక ఒక పోటుకూ మరొక పోటుకూ నడుమ సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. నిన్నటి పోటు నేడు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుందన్నమాట. జాలరులకు ఈ లెక్క గడియారం లేకుండానే తెలుసు.

అమరకోశం ‘వేలా’ శబ్దానికి సముద్రజల వికారమనీ, కాలమనీ, మర్యాద అంటే హద్దు అనీ అర్థాలు చెప్పింది. పోటుకు ఇంతకంటె తగిన పేరు నాకు తోచదు. అయితే హద్దు అన్ని తీరాలలో ఒకటి కాదు. విశాఖలో పెద్ద పోటు నాడు కూడా హెచ్చుతగ్గుల తేడా సుమారు ఒకటిన్నర మీటరే. గరాటువలె ఇరుకై పోయే ఖంభాత్ సింధుశాఖలో అది పది మీటర్ల వరకు ఉంటుంది. అన్నట్టు, అతి పెద్ద పోటు సరిగ్గా పూర్ణిమనాడే రాదు. తరచుగా పాడ్యమి, విదియలకు వస్తుంది. స్నానం ముగిసిందని మరునాడు పిల్లలను నీటిలోకి వదిలేవారు ఇది గుర్తించాలి.

అల వేరు, పోటు వేరు. అల గాలి బిడ్డ. వరిచేను మీద గాలి పోతే కంకులు వంగి లేస్తాయి కాని చేను కదలిపోదు. నడిసముద్రంలో నీరూ అంతే, ఉన్నచోటనే వలయంగా తిరుగుతుంది. ప్రయాణించేది శక్తి. తీరాన లోతు తగ్గినప్పుడు అల అడుగు వెనుకబడి, శిఖరం ముందుకు తూలి విరుగుతుంది. ఇక్కడ గాలి లేకున్నా అల రావచ్చు. దక్షిణ హిందూమహాసముద్రపు తుఫానులలో పుట్టిన అలలు రోజుల తరబడి నడిచి మన తీరాలను తాకుతాయి. కేరళ జాలరులు ఆ హఠాత్తు పొంగును ‘కళ్ళక్కడల్’, అంటే దొంగ సముద్రం అంటారు.

2004 డిసెంబరు 26 ఆదివారం, పౌర్ణమి. ఆనాటి సునామీలో ఆంధ్రతీరాన నూరుమందికి పైగా మరణించారు. పౌర్ణమి వల్లనే వచ్చిందని చాలామంది నమ్మారు. అది తప్పు. సుమత్రా వద్ద సముద్రగర్భంలో భూకంపం వచ్చి అడుగుభాగం కదిలితే పుట్టిన అల అది. సుమారు రెండున్నర గంటలలో మన తీరం చేరింది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన మరొక జాతి: తుఫాను గాలి సముద్రాన్ని నేలమీదకు నెట్టడం. నాటికి అమావాస్య వెళ్లి ఎనిమిది రోజులు. పోటు చిన్నగా ఉండవలసిన కాలం! కనుక తిథి ఒక్కటే చూసి ధైర్యపడరాదు.

తక్కినది చెప్పేవారు మన ఊరిలోనే ఉన్నారు. సముద్రానికి ఇంత దూరాన, కూకట్‌పల్లి దాటితే ప్రగతినగర్‌లో, భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం, అంటే ఇన్‌కాయిస్, 1999 నుండి పనిచేస్తున్నది. 2007 అక్టోబరు నుండి దేశానికి సునామీ హెచ్చరికలు అక్కడినుండే వెలువడుతున్నాయి. అలల ఎత్తు, పోటు వేళలు, ఉధృతి హెచ్చరికలు ఉచితంగా తెలుపుతారు. ముహూర్తం చూసినట్లే బయలుదేరే ముందు అవీ చూడండి.

తీరాన మరొక మాట. అలలు విరిగే వరుసలో ఒకచోట నురుగు లేక నున్నగా కనిపిస్తే అది నెమ్మదైన చోటని దిగకండి. ఒడ్డుకు వచ్చిన నీరు తిరిగి లోపలికి పారే కాలువ అది. చిక్కుకుంటే ఒడ్డువైపు ఎదురీదవద్దు, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది ఆ కాలువ దాటాలి. ఈత రానివారు మోకాటిలోతు దాటనవసరం లేదు. వృద్ధులకు చెంబుతో నీరు తెచ్చి ఒడ్డుననే తలమీద పోస్తే స్నానఫలానికి లోపం రాదు.