దాచిన లోపము: అద్దె యిల్లు, అమ్మిన కారు

మన గణపవరము ప్రాంతమున అద్దెకు ఇల్లు చూడబోవు అనుభవజ్ఞుడు ముందుగా గోడల అడుగుభాగమును పరిశీలించును. కొల్లేటి వైపు పల్లపు నేలలలో వర్షాకాలమున నీరు ఎంత ఎత్తున నిలిచినదో గోడమీది చారయే చెప్పును. వేసవిలో సున్నము వేసిన పిమ్మట ఆ చార కానరాదు. ఏటేటా నీరు వచ్చునను సంగతి యజమానికి తెలియును; చదువు కొరకు పొరుగూరి నుండి వచ్చి గది కుదుర్చుకొను విద్యార్థికి తెలియదు.

కారు సంగతియు ఇట్టిదే. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడ నగరమున పెద్ద భాగమును ముంచినది. ఆ బుడమేరు తుదకు చేరునది మన కొల్లేటికే. ఇండ్లతోపాటు వాకిళ్ళలో నిలిపిన వాహనములును నీట మునిగినవి. అట్టి కారును కడిగి, సీట్ల గుడ్డలు మార్చి, అత్తరు చల్లి అమ్మకమునకు నిలిపినచో, అది గోడకు సున్నము వేయుట వంటి పనియే. లోపలి తుప్పు, విద్యుత్తు తీగలలోని తేమ కొన్ని నెలలు గడచిన తరువాత గాని బయటపడవు.

లోపము తెలిసినవాడు ఎదుటివాడు అడుగకున్నను చెప్పవలెనా, లేక ఊరకుండవచ్చునా? మన చట్టములు ఇంటికి ఒక విధముగాను, కారుకు మరొక విధముగాను సమాధానము చెప్పుచున్నవి. ఈ భేదము తెలియకనే పలువురు నష్టపోవుచున్నారు.

ముందుగా ఇల్లు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టములోని 108వ సెక్షను యజమానికిని, కిరాయిదారునకును గల హక్కులను బాధ్యతలను తెలుపును. అందు మొట్టమొదట పేర్కొన్న బాధ్యతయే మన ప్రశ్నకు సమాధానము. ఏ ప్రయోజనమునకై ఇల్లు తీసికొనుచున్నారో దానికి సంబంధించిన ముఖ్యమైన లోపము యజమానికి తెలిసి, కిరాయిదారునకు తెలియక, సాధారణమైన జాగ్రత్తతో చూచినను కనబడనిదైనచో, యజమాని దానిని వెల్లడింపవలెను. అడిగిన పిమ్మట చెప్పుట కాదు; అడుగకున్నను చెప్పుట. అయితే పైకప్పులోని రంధ్రము పట్టపగలు కనబడుచుండగా "నాకు చెప్పలేదు" అనుటకు వీలు లేదు.

మరమ్మతుల విషయమున మాత్రము చట్టము అనేకులు తలచినంత ఉదారమైనది కాదు. ప్రతి మరమ్మతును యజమానియే చేయవలెనని అందు లేదు. తాను చేయుటకు బద్ధుడైన మరమ్మతును యజమాని, నోటీసు అందిన తరువాత తగిన కాలములో చేయనిచో, కిరాయిదారు తానే చేయించి ఆ ఖర్చును వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకొనవచ్చును. ఇందలి కీలకమైన మాట నోటీసు. అరుగుమీద కూర్చుండి చేసిన మొర నోటీసే అయినను, దానిని రేపు న్యాయస్థానమున ఋజువు చేయుట కష్టము. వరద వలన గాని, అగ్ని వలన గాని ఇల్లు శాశ్వతముగా నివాసయోగ్యము కాకపోయినచో, తన తప్పు లేనంతవరకు కిరాయిదారు ఒప్పందమును రద్దు చేసికొనవచ్చునని కూడ అదే సెక్షను చెప్పుచున్నది. పల్లపు ప్రాంతముల వారు గుర్తుంచుకొనదగిన అంశమిది. ఇవన్నియు వ్యతిరేకమైన ఒప్పందము గాని, స్థానికమైన ఆచారము గాని లేనప్పుడే వర్తించును. కావున కాగితము చదువక సంతకము చేయరాదు.

కిరాయి, రసీదు, మరమ్మతు, ఫిర్యాదు, దావా: ఈ మాటలన్నియు ఉర్దూ, ఫారసీల దారిని తెలుగునకు వచ్చినవే. మన కళాశాలలో ఏ భాష ఇంటిభాషగా గల విద్యార్థియైనను ఈ మాటలను కొత్తగా నేర్వనక్కరలేదు. రసీదు అడుగుట మాత్రము నేర్వవలసియున్నది.

ఏలూరు, తాడేపల్లిగూడెము వంటి పురపాలక పట్టణములలో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టము చాలకాలము కిరాయిదారునకు అండగా నిలిచినది. అద్దెకు రసీదు పొందు హక్కు, నీటిని దీపమును అకారణముగా నిలిపివేయకుండ రక్షణ దాని వలన కలిగినవి. 1957 ఆగస్టు 26 తరువాత కట్టిన భవనములకు ఆ చట్టము నుండి ఇచ్చిన మినహాయింపును మోటార్ జనరల్ ట్రేడర్స్ కేసులో 1983లో సుప్రీంకోర్టు కొట్టివేసినది. ఆంధ్రప్రదేశ్‌లో 2017లో కొత్త అద్దె చట్టము చేయబడినది.

మరి అద్దె యింటి తగవును వినియోగదారుల కమిషను ముందుంచవచ్చునా? కేవలము ఇల్లు అద్దెకిచ్చుట సేవ కాదు గనుక సాధారణముగా అది అచ్చట నిలువదు. సివిలు న్యాయస్థానమునకో, అద్దె వివాదములకై ఏర్పడిన అధికారి యొద్దకో పోవలెను. కాని రుసుము తీసికొని భోజనము, వసతి కల్పించుట సేవయేనని వినియోగదారుల చట్టములోని నిర్వచనము చెప్పుచున్నది. ప్రైవేటు హాస్టలులో ఉండు విద్యార్థి ఈ భేదమును గమనింపవలెను.

ఇక కారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టమున 17వ సెక్షను క్రింద గుర్రము ఉదాహరణగా ఉన్నది. జబ్బు గుర్రమని తెలిసియు యజమాని దానిని వేలములో అమ్మి, జబ్బు మాట చెప్పనిచో, అది మోసము కాదు. కాని కొనువాడు "నీవు కాదనకున్నచో గుర్రము ఆరోగ్యముగా ఉన్నదనుకొందును" అని పలికినప్పుడు అమ్మువాడు మౌనము వహించినచో, ఆ మౌనము మాటతో సమానమగును. గుర్రము స్థానమున నేడు పాత కారు నిలిచినది. వ్యాపారి కాని సాధారణ వ్యక్తి నుండి కొనునప్పుడు అడుగుట కొనువాని వంతు. "ఈ బండి నీట మునిగినదా? ప్రమాదమునకు గురియైనదా?" అని ఫోనులో సందేశముగా వ్రాసి అడుగుడు. అబద్ధము చెప్పినను, ఆ ప్రశ్నకు ఊరకుండినను సాక్ష్యము మిగులును. అయితే సాధారణ శ్రద్ధతో కనుగొనదగిన దానిని కనుగొనక, మౌనమునే మోసమని ఒప్పందము రద్దు కోరువానిని అదే చట్టము ఆదరింపదు. కావున మెకానిక్కును వెంటబెట్టుకొని పోవుట వృథా ఖర్చు కాదు.

అమ్మువాడు వ్యాపారియైనప్పుడు పరిస్థితి మారును. 1930 నాటి వస్తు విక్రయ చట్టము ప్రకారము, అట్టి సరుకునే అమ్ము వ్యాపారి నుండి వర్ణననుబట్టి కొన్న వస్తువు అమ్మకమునకు తగిన నాణ్యత కలదై ఉండవలెను. 2020 జూలై 20 నుండి అమలులోనికి వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టము లోపమును సరిచేయుమని గాని, వస్తువును మార్చుమని గాని, సొమ్ము వాపసు చేయుమని గాని ఆదేశించు అధికారమును కమిషనుకు ఇచ్చినది. వ్యాపార ప్రయోజనమునకు కొన్నవాడు వినియోగదారుడు కాడు. కాని స్వయం ఉపాధిగా తన జీవనోపాధికై టాక్సీ కొన్న యువకుడు వినియోగదారుడే. బ్యాంకు అప్పుతో కారు కొని నడుపుకొను మన పూర్వ విద్యార్థులకు ఇది ప్రాణప్రదమైన నిబంధన.

కారు చెడినంతనే కొత్త కారు వచ్చునని ఆశింపరాదు. మారుతీ ఉద్యోగ్ సంస్థకు సంబంధించిన 2006 తీర్పులో, వారంటీ క్రింద చెడిన భాగమును మార్చగలిగినప్పుడు మొత్తము కారును మార్చుమనుట తగదని సుప్రీంకోర్టు చెప్పినది. 2009లో తయారైన కారును 2011లో కొత్తదిగా అమ్మిన వ్యవహారమున, డీలరు చేసిన పనికి తయారీ సంస్థ ప్రమేయము ఋజువు కాలేదని టాటా మోటార్స్‌ను 2021లో బాధ్యత నుండి తప్పించినది. కావున ఫిర్యాదులో డీలరు ఏమి చేసెను, తయారీదారు ఏమి చేసెను అని వేర్వేరుగా వ్రాయవలెను. ఇక 2015లో కొన్న హ్యుండై కారు 2017లో ప్రమాదమునకు గురికాగా ఎయిర్‌బ్యాగులు విచ్చుకొనలేదు. సంస్థ ఢీకొన్న వేగము, బలము అను లెక్కలను ముందుకు తెచ్చినది. కొనుగోలుదారు భౌతికశాస్త్ర పండితుడు కానక్కరలేదని భావించి సుప్రీంకోర్టు 2022లో అతని పక్షమున తీర్పు చెప్పినది. మొదటి రెండు తీర్పులు చదివి నిరాశ చెందినవారు ఈ మూడవది తప్పక చదువవలెను.

కారు విజయవాడలో కొన్నను గణపవరము వాసి తాను నివసించు జిల్లాలోని కమిషనులోనే ఫిర్యాదు చేయవచ్చును. చెల్లించిన ధర 50 లక్షలు మించనంతవరకు జిల్లా కమిషనే వినును. 5 లక్షల వరకు రుసుము లేదు. ఎనిమిది లక్షల కారుకు 200 రూపాయలు. వకీలును పెట్టుకొనుట తప్పనిసరి కాదు. వివాదకారణము పుట్టిన నాటినుండి రెండు సంవత్సరములలో ఫిర్యాదు దాఖలు కావలెను. ఈ రెండేండ్లలో బండిని షెడ్డునకు తీసికొనిపోయిన ప్రతిసారి జాబ్‌కార్డులో లోపమును మీ మాటలలోనే వ్రాయించి, నకలు తీసికొనుడు. "జనరల్ చెకప్" అని వ్రాసియిచ్చినచో సంతకము చేయకుడు.