ఆ గుంటలు మొద్దులు కారే, బుజ్జీ

విజయనగరం



నీ ఉత్తరం చేరింది. ముందు చెవుల సంగతి. పాలకొండ నుంచి తెల్లారగట్ల మంచులో స్కూటీ మీద బడికి కొండెక్కుతున్నావట. మఫ్లరు కడితే జుట్టు చెదురుతుందంటున్నావని మీ అమ్మ ఫోనులో మొత్తుకుంది. కట్టుకో. హాజరు యాప్‌కి మొహం చూపించేటప్పుడు విప్పుకుందువుగాని.

పిల్లలు తొమ్మిది దాటాక వస్తున్నారని రాశావు. నూర్పుల రోజులు కదే! తల్లి కళ్లంలో ఉంటే చంటిదాన్ని ఎత్తుకునేది నీ మూడో తరగతి గుంటే. వచ్చినవాళ్లని గోడవారన ఎండలో కూర్చోబెట్టు. వేళ్లు కొంకర్లు పోతుంటే బలపం పట్టమనకు. జావ ఇచ్చే రోజైతే ముందది తాగనీ.

నా మనసుకి గుచ్చుకున్నది వేరే మాట. ఒకటో తరగతి పిల్లలు ఏమడిగినా నేల చూస్తారు, మొద్దుల్లా ఉన్నారు అన్నావు. వాళ్లు మొద్దులు కారే. ఇంట్లో అమ్మతో సవర భాష, సంతలో బేరానికి తెలుగు. ఐదేళ్ల గుంటకి ఆ బేరమూ రాదు. నువ్వు పాఠం చెప్తుంటే నీ పెదాలు ఆడటం చూస్తుంది, అంతే. నువ్వు మాత్రం? బళ్లో చేరిన ఏడాది సంక్రాంతి దాకా నోరిప్పలేదు, నా చీరకొంగు నములుతూ కూర్చునేదానివి. నిన్నెవరైనా మొద్దన్నారా?

1974లో నేను గుమ్మలక్ష్మీపురం వైపు బడిలో చేరాను. అప్పటికి విజయనగరం జిల్లాయే లేదు, అదంతా శ్రీకాకుళమే. ఇప్పుడేమో మీ సీతంపేటతో కలిపి మన్యం జిల్లా అంటున్నారు. ఆ పుష్యమాసం ఒక ఇన్‌స్పెక్టరుగారు జీపులో దిగారు. మంకీటోపీ, కోటు, ఆపైన శాలువా. గదిలో కుంపటి పెట్టించుకుని ఆ పొగకి ఆయనే దగ్గారు. టీకి పాలు లేక మేకపాలు పితికించాం. బాగుందని ఇంకో గ్లాసు అడిగారు. సరే, చెప్పొచ్చేది అది కాదు. ‘మీ ఇంట్లో కోళ్లెన్ని?’ అని పిల్లల్ని అడిగారు. ఒక్కరూ పలకలేదు. ఆయన రిజిస్టరులో మందమతులని రాయబోతుంటే, నీళ్లు తెచ్చే ముసలమ్మ అదే మాట సవరలో అడిగింది. ఇంకేముంది, గదంతా కోళ్లే! ఒకడు పుంజులు వేరే, పెట్టలు వేరే లెక్క చెప్పాడు. ఇంకొకడు పొదుగు మీదున్నది కలపాలా అని అడిగాడట. ఆయన కలానికి మూత పెట్టేశారు.

సవర అంటే గుర్తొచ్చింది, గిడుగు రామమూర్తిగారంటే మనవాళ్లకి వాడుక భాష గొడవ ఒక్కటే గుర్తు. ఆగస్టు 29న జయంతికి దండేసి ఊరుకుంటారు. పర్లాకిమిడిలో ఆయన సవరవాళ్ల దగ్గరే ఆ భాష నేర్చుకుని, అందులోనే వాచకాలు రాసి, వాళ్ల పిల్లలకి సొంత డబ్బుతో బడులు పెట్టారు. సవర భాష మీద ఆయన పుస్తకం 1931లో అచ్చయింది. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, దానికి మింగిన క్వినైనుతో చెవుడు కూడా తెచ్చుకున్నారు. దోమతెర కట్టుకుంటున్నావా లేదా? అది రాయనేలేదు నువ్వు.

2004 ప్రాంతంలో ప్రభుత్వమే సవరతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతులకి చదువు మొదలుపెట్టింది. అప్పటి పుస్తకాలు మీ బడి బీరువాలో వెతుకు, చెదలు మిగిల్చి ఉంటే. దొరక్కపోతే వంటామె ఉంది. అన్నాలయ్యాక ఆవిడ పక్కన పీటేసుకుని కూర్చో. రోజుకి నాలుగు మాటలు చాలు. తప్పు పలికితే గుంటలు నవ్వుతారు. నవ్వనీ. నవ్వినవాడు మర్నాడు బేగి వస్తాడు.

వంటామెకి నా పేరు చెప్పి ఒక చీర పెట్టు, డబ్బు నేనిస్తాను. నువ్వు మాత్రం రాత్రులు ఆ చల్లన్నం తినకు, చిక్కిపోయావని ఫొటోలోనే తెలుస్తోంది. సంక్రాంతికి వచ్చేటప్పుడు ఖాళీ డబ్బా పట్టుకురా, నీ తరగతికి సరిపడా అరిసెలు కట్టిస్తాను.

మీ అమ్మ నోట ఇంకో మాట జారింది, పల్లానికి డిప్యుటేషన్ కోసం ఎవరినో కలుస్తున్నావని. ఆ గుంటలు నీతో కోళ్ల లెక్క చెప్పేదాకా ఆ అర్జీ పెట్టకు.

మీ అత్త